ఒకే ఎండోస్కోప్, వేర్వేరు ఫలితాలు

ఉత్తర కాలిఫోర్నియాలో ఒకే ఆరోగ్య వ్యవస్థ కింద పనిచేసే 136 మంది జీర్ణకోశ వైద్యులు 1998 నుంచి 2010 దాకా చేసిన 3,14,872 కొలనోస్కోపీలను పరిశోధకులు లెక్క తీశారు. ఫలితాలు 2014లో బయటికొచ్చాయి. కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న మెత్తటి గొట్టాన్ని పంపి పెద్దపేగునంతా చూసే పరీక్ష. ఇలా లోపలికి పంపి చూసే గొట్టమే ఎండోస్కోప్. ఒక డాక్టరు వందమందిని చూస్తే అందులో ఏడుగురికి అడినోమా కనిపించింది. ఇంకో డాక్టరు వందమందిని చూస్తే యాభై రెండు మందికి కనిపించింది. అడినోమా అంటే పేగు లోపలి పొర మీద లేచే చిన్న బొడిపె. పాలిప్స్‌లో ఇదొక రకం. అన్నీ కాకపోయినా కొన్ని, ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇలా మొదలయ్యేవే.

పేషెంట్ల వయసు, కుటుంబ చరిత్ర వల్ల కొంత తేడా రావడం సహజం. అలాంటివన్నీ సర్దుబాటు చేశాక కూడా ఒక లెక్క గట్టిగా నిలబడింది. డాక్టరు అడినోమాలను పట్టుకునే రేటు ఒక శాతం పెరిగిన కొద్దీ, ఆయన దగ్గర పరీక్ష చేయించుకున్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే ముప్పు మూడేసి శాతం తగ్గుతూ వచ్చింది. అంటే "అంతా నార్మల్" అన్న రిపోర్టు విలువ, ఆ మాట రాసిన చేతిని బట్టి ఉంటుందన్నమాట.

ఎండోస్కోపీలో కొత్తగా ఏం వచ్చిందని అడిగితే తయారీ సంస్థలు కొత్త కెమెరాలు చూపిస్తాయి. కెమెరాలు నిజంగానే బాగుపడ్డాయి. కానీ ప్రతి కొత్తదాన్నీ ఒక ప్రశ్న అడిగి చూడటం మంచిది: ఏడుకీ యాభై రెండుకీ మధ్య ఉన్న దూరాన్ని ఇది ఏమైనా తగ్గిస్తుందా?

కళ్ల ముందున్నా ఎందుకు తప్పిపోతుంది

పెద్దపేగు నున్నటి గొట్టం కాదు. లోపలంతా మడతలు. కర్టెన్ మడత వెనక నక్కిన పిల్లాడిలా చిన్న పాలిప్ ఒక మడత చాటున ఉంటే, కెమెరా ఎంత మంచిదైనా దాని ముందు నుంచే వెళ్లిపోతుంది. డాక్టరు గొట్టాన్ని ముందు పెద్దపేగు మొదటిదాకా, అంటే అపెండిక్స్ ఉండే చోటు దాకా, తోసుకుంటూ వెళ్తారు. అసలు పరీక్ష జరిగేది వెనక్కి తీసేటప్పుడు. ప్రతి మడతనూ పక్కకు వంచి, వెనక చూసి, మిగిలిన నీళ్లు పీల్చేసి, మళ్లీ చూడాలి. ఇది ఓపికతో కూడిన పని.

ఈ ఓపికను 2006లో ఒక అధ్యయనం గడియారంతో కొలిచింది. పన్నెండు మంది డాక్టర్లు గొట్టాన్ని వెనక్కి తీయడానికి సగటున ఎంతసేపు తీసుకుంటున్నారో చూశారు. ఆరు నిమిషాలు, అంతకన్నా ఎక్కువ తీసుకున్నవాళ్లకు 28.3 శాతం మందిలో పాలిప్స్ లాంటి కొత్త పెరుగుదలలు దొరికాయి. ఆరు నిమిషాల లోపే ముగించినవాళ్లకు 11.8 శాతం మందిలోనే దొరికాయి. అప్పటినుంచి ఆరు నిమిషాలు ఒక కనీస గీతగా ఉంటూ వచ్చింది. 2024లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు దాన్ని ఎనిమిది నిమిషాలకు పెంచాయి. 45 ఏళ్లు దాటినవాళ్లలో అడినోమా గుర్తింపు రేటు కనీసం 35 శాతం ఉండాలని కూడా చెప్పాయి.

గడియారం చూస్తూ ఎనిమిది నిమిషాలు ఊరికే గడిపితే పాలిప్స్ దొరకవు, అది వేరే విషయం. కానీ ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన ఈ మెరుగుదల, చాలా ఖరీదైన పరికరాలతో పోటీపడుతుంది.

వెలుతురు మార్చితే కనిపించేది

లోపలికి చూడాలన్న కోరిక పాతదే. 1868లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ కత్తులు మింగే కళాకారుడి గొంతులోకి తిన్నని లోహపు గొట్టం దించి కడుపులోకి చూడబోయారు. గొట్టం దిగింది గానీ సరిపడా వెలుతురు లేదు. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ సన్నని గాజు పోగుల కట్ట గుండా వెలుతురునూ బొమ్మనూ పంపే మెత్తటి గ్యాస్ట్రోస్కోప్‌ను, అంటే కడుపును చూసే గొట్టాన్ని, తయారుచేయించి, ముందు తానే మింగి చూశారు. 1980లలో గాజు పోగుల స్థానంలో గొట్టం కొసన చిన్న ఎలక్ట్రానిక్ సెన్సర్ వచ్చి కూర్చుంది. దానితో బొమ్మ టీవీ తెర మీదికి వచ్చింది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, అప్పటిదాకా డాక్టరు ఒక్కరే ఒంటి కన్నుతో చూసినదాన్ని గదిలో ఉన్న నర్సు, నేర్చుకునే జూనియర్ అందరూ చూడగలిగారు.

తర్వాతి అడుగు వెలుతురు రంగును మార్చడం. మామూలు తెల్లని వెలుతురులో పేగు లోపలి పొర అంతా గులాబీ, ఎరుపు ఛాయల్లో ఉంటుంది. అందులో తొలిదశ మార్పు కలిసిపోయి కనిపించదు. నారో బ్యాండ్ ఇమేజింగ్ పద్ధతిలో రెండు సన్నని పట్టీల వెలుతురునే వాడతారు. ఒకటి 415 నానోమీటర్ల దగ్గరి నీలం, రెండోది 540 దగ్గరి ఆకుపచ్చ. రక్తంలోని హిమోగ్లోబిన్ సరిగ్గా ఈ రెండింటినీ బాగా పీల్చుకుంటుంది. నీలం వెలుతురు లోతుకు పోదు కాబట్టి పైపొరలోని సన్నని రక్తనాళాలు ముదురు గోధుమ రంగులో తేలతాయి. ఆకుపచ్చ కాస్త లోపలికి వెళ్లి పెద్ద నాళాలను చూపిస్తుంది. క్యాన్సర్‌గా మారబోయే కణజాలం రక్తనాళాలను తన ఇష్టమొచ్చినట్టు మెలితిప్పుకుంటుంది. ఆ మెలికల తీరు కనిపెట్టగలిగితే, ముక్క తీసి ల్యాబ్‌కు పంపకముందే అది ఏ రకమో చాలావరకు చెప్పవచ్చు. దీనికి తోడు బొమ్మను పెద్దది చేసి చూపే లెన్సులు, పొర మీద చల్లే రంగు ద్రవాలు ఉన్నాయి.

చిక్కు ఏమిటంటే, బటన్ నొక్కితే వెలుతురు మారుతుంది గానీ ఆ మెలికలను చదవడం రాదు. జపాన్ వైద్యులు కడుపు క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడంలో ముందుండటానికి పరికరాలు ఒక కారణమైతే, వేల ఫొటోలు ముందేసుకుని ఏది ఏమిటో గంటల తరబడి చర్చించుకునే అలవాటు ఇంకో కారణం.

కంప్యూటర్ గీసే చతురస్రం

ఇప్పుడు అందరూ మాట్లాడేది కృత్రిమ మేధ గురించే. పనిచేసే తీరు సూటిగానే ఉంటుంది. వేల పాలిప్ వీడియోలు చూపించి నేర్పిన ప్రోగ్రామ్, పరీక్ష జరుగుతుండగానే తెర మీద అనుమానం వచ్చిన చోట ఒక చతురస్రం గీస్తుంది. డాక్టరు అక్కడ ఆగి చూస్తారు.

2019లో చైనాలో 1,058 మందిపై జరిగిన ట్రయల్‌లో అడినోమా గుర్తింపు రేటు 20.3 నుంచి 29.1 శాతానికి పెరిగింది. మరుసటి ఏడాది ఇటలీలో జరిగిన ట్రయల్‌లో 40.4 నుంచి 54.8కి పెరిగింది. 2021లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి తొలి పరికరానికి అనుమతి ఇచ్చింది. మనం వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపిస్తుంది.

అయితే అదనంగా దొరికినవాటిలో ఎక్కువ భాగం అయిదు మిల్లీమీటర్లకు మించని బుల్లి పాలిప్స్. వాటిలో చాలావరకు మనిషి జీవితకాలంలో హాని చేయనివి. వాటిని తీసేయడానికి సమయం పడుతుంది, ల్యాబ్ ఖర్చవుతుంది, మళ్లీ పరీక్షకు తొందరగా రమ్మని పిలవాల్సి వస్తుంది. ఎక్కువ దొరికితే ప్రాణాలు కూడా ఎక్కువ నిలుస్తాయా అన్నది తేలాలంటే ఏళ్లు పడుతుంది.

ఇంతకంటే ఆలోచించాల్సిన ఫలితం 2025లో పోలండ్ నుంచి వచ్చింది. నాలుగు కేంద్రాల్లో పనిచేసే అనుభవజ్ఞులైన 19 మంది డాక్టర్లు కొన్ని నెలలు కృత్రిమ మేధ సాయంతో పరీక్షలు చేశారు. ఆ సాయం లేకుండా వాళ్లు చేసిన పరీక్షల్లో గుర్తింపు రేటు, అలవాటుకు ముందు 28.4 శాతం ఉంటే, అలవాటయ్యాక 22.4 శాతానికి పడిపోయింది. ఇది యాదృచ్ఛికంగా గ్రూపులుగా విడదీసి చేసిన ట్రయల్ కాదు, పాత రికార్డులను పోల్చి చూసిన అధ్యయనం. వేరే కారణాలు ఉండి ఉండవచ్చు. అయినా కొట్టిపారేయడానికి లేదు. చతురస్రం వస్తుందిలే అని ఎదురుచూసే కన్ను, తనంతట తాను వెతకడం తగ్గిస్తుందేమో అన్న అనుమానానికి ఇది తొలి గట్టి ఆధారం. మడత వెనక ఉన్న పాలిప్‌ను కంప్యూటర్ కూడా చూడలేదన్న సంగతి మరిచిపోకూడదు. మడతను వంచాల్సింది చెయ్యే. నా మట్టుకు ఈ సాధనం తక్కువ పట్టుకునే డాక్టరుకు మంచి ఊతం. ఇంకా నేర్చుకుంటున్న జూనియర్‌కు మాత్రం మొదటి రోజు నుంచే ఇవ్వదగ్గది కాదు.

చూడటం నుంచి కోయడం దాకా

ఎండోస్కోప్‌తో చూడటమే కాకుండా పని కూడా చేయవచ్చని గట్టిగా చూపింది 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా. తీగ ఉచ్చు వేసి, కరెంటుతో వేడిచేసి, పొట్ట కోయకుండానే పెద్దపేగు పాలిప్‌ను తీసేశారు. ఈ మధ్య వచ్చిన మార్పు అందుకు ఎదురు దిశలో నడిచింది. సెంటీమీటరులోపు పాలిప్స్‌కు ఇప్పుడు కరెంటు వాడకుండా ఉత్త తీగతోనే కోసేస్తున్నారు. చూడటానికి అప్పుడే రక్తం కాస్త ఎక్కువ వచ్చినట్టుంటుంది. కానీ వేడి లోతు పొరలకు పాకదు కాబట్టి, ఇంటికెళ్లాక రోజుల తర్వాత ఉన్నట్టుండి రక్తస్రావం అయ్యే ప్రమాదం తగ్గుతుంది. తైవాన్‌లో 4,270 మందిపై జరిగి 2023లో ప్రచురితమైన ట్రయల్‌లో ఆ ఆలస్యపు రక్తస్రావం వేడి తీగతో 1.5 శాతం, చల్లని తీగతో 0.4 శాతం.

రెండు సెంటీమీటర్లు దాటిన మచ్చలను ఉచ్చుతో ఒకే ముక్కగా తీయడం కష్టం. ముక్కలుగా తీస్తే అంచుల్లో ఏమైనా మిగిలిందో లేదో ల్యాబ్‌లో చెప్పలేరు. దీనికి జపాన్ వైద్యులు 1990ల చివర్లో ఒక దారి వేశారు. పైపొరకూ కండర పొరకూ మధ్య ఉండే వదులైన పొరలోకి సూదితో ద్రవం ఎక్కించి మచ్చను పైకి లేపుతారు. చుట్టూ గీత కోసి, చిన్న విద్యుత్ కత్తితో కింది నుంచి మెల్లగా ఒలుచుకుంటూ వస్తారు. తొలిదశ కడుపు క్యాన్సర్ ఉన్న మనిషికి కడుపులో భాగం తీసేసే ఆపరేషన్ తప్పిపోయింది. గంటలు పట్టే పని ఇది. గోడకు చిల్లు పడే ప్రమాదం ఉంటుంది. అందుకే కొద్దిమంది చేతుల్లో అద్భుతంగా పనిచేసేది, అందరి చేతుల్లోకీ అంత తేలిగ్గా రాలేదు.

ఆ వదులు పొరలోనే సొరంగం తవ్వుకుంటూ ముందుకు పోతే? యోకోహామాలో హరుహిరో ఇనోవే 2008లో అదే చేశారు. అకలేసియా అనే జబ్బులో అన్నవాహిక కింది కొసన ఉండే కండర కవాటం వదులవ్వదు. మింగిన అన్నం, నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. ఇనోవే నోటి గుండా ఎండోస్కోప్ పంపి, అన్నవాహిక గోడలో సొరంగం చేసి, బిగిసిన కండరాన్ని లోపలి నుంచే కోశారు. బయట ఒక్క గాటు కూడా లేదు. దీన్ని పోయెమ్ అంటారు. 2019లో 221 మందిలో దీన్ని, పొట్ట మీద చిన్న గాట్లతో చేసే లాప్రోస్కోపిక్ ఆపరేషన్‌తో పోల్చి చూస్తే రెండేళ్ల తర్వాత రెండూ ఇంచుమించు సమానం. పోయెమ్‌తో 83 శాతం, ఆపరేషన్‌తో 81.7 శాతం మందికి గుణం కనిపించింది. ఒక షరతు ఉంది. యాసిడ్ పైకి తన్ని అన్నవాహిక ఒరుసుకుపోవడం రెండేళ్ల దగ్గర పోయెమ్ చేయించుకున్నవాళ్లలో 44 శాతం, ఆపరేషన్‌ వాళ్లలో 29 శాతం. ఆపరేషన్‌లో యాసిడ్ రాకుండా కడుపు పైభాగాన్ని కొంత చుట్టి కుడతారు, పోయెమ్‌లో ఆ కుట్టు లేదు. గాటు లేదన్న సంతోషంలో ఈ రెండో అంకె పేషెంటు దాకా చేరకపోతే అది సగం నిజమే.

పిత్తనాళంలో రాళ్లు, అడ్డంకులు తీసే ఈఆర్‌సీపీ ఇంకో రకం పని. పక్కకు చూసే ఎండోస్కోప్‌ను చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి, పిత్తనాళం తెరుచుకునే సన్నని రంధ్రంలోకి తీగ ఎక్కిస్తారు. దీని తర్వాత క్లోమం వాచిపోవడం అన్నిటికంటే భయపెట్టే ఇబ్బంది. దీనికి దొరికిన విరుగుడు ఆశ్చర్యం కలిగిస్తుంది. 2012లో ముప్పు ఎక్కువున్న 602 మందిలో కొందరికి ఇండోమెథాసిన్ అనే పాత, చవక నొప్పి మందును మలద్వారంలో పెట్టే బిళ్లగా ఇచ్చారు. క్లోమం వాపు 16.9 శాతం నుంచి 9.2 శాతానికి దిగింది. 

నేర్పడం ఎలా నేర్చుకున్నారు

ఎండోస్కోపీ చాలాకాలం "ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఇంకొకరికి నేర్పు" పద్ధతిలో నడిచింది. దాని ఫలితం ఏమిటో బ్రిటన్ తన కళ్లతో చూసుకుంది. 68 ఆసుపత్రి విభాగాల్లో చేసిన 9,223 కొలనోస్కోపీల ఆడిట్ 2004లో ప్రచురితమైంది. గొట్టం పెద్దపేగు మొదటిదాకా చేరిందని డాక్టర్లు రాసుకున్నది 76.9 శాతం. చేరిందనడానికి గట్టి గుర్తులు ఉన్నాయా అని చూస్తే 56.9 శాతమే. తొలి వంద పరీక్షలూ సీనియర్ పక్కన ఉండగా చేశామన్నవాళ్లు 17 శాతం మంది. అంటే దాదాపు సగం మంది పేషెంట్లకు పేగు పూర్తిగా చూసినట్టు రుజువే లేదు, వాళ్లకేమో ఆ సంగతి తెలియదు.

ఇలాంటి ఫలితాన్ని ప్రచురించడమే ఒక ధైర్యం. తర్వాత శిక్షణ కేంద్రాలు, యూనిట్లకు గ్రేడింగు, ప్రతి జూనియర్ చేసిన ప్రతి పరీక్షా ఆన్‌లైన్ లాగ్‌బుక్‌లో నమోదు కావడం మొదలయ్యాయి. సీనియర్ పక్కన నిలబడి ఒక్కొక్క అంశానికీ మార్కులు వేసే పద్ధతి వచ్చింది. 2011లో మళ్లీ ఆడిట్ చేస్తే గొట్టం పెద్దపేగు మొదటిదాకా చేరిన రేటు 92.3 శాతం. ఆ మధ్య కాలంలో ఎండోస్కోపులూ మెరుగయ్యాయి, కాదనను. కానీ ఇంత దూరాన్ని కెమెరా ఒక్కటే దాటించిందని నమ్మలేను.

నేర్పడంలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. బాగా చేసే డాక్టరుకు తన వేళ్లు ఏం చేస్తున్నాయో తనకే తెలియదు. పేగు మెలిక తిరిగి గొట్టం ఉచ్చులా చుట్టుకున్నప్పుడు ఆయన చెయ్యి తనంతట తాను కొంచెం వెనక్కి లాగి, కుడివైపు తిప్పి సరిచేస్తుంది. జూనియర్ అడిగితే "అలా తిప్పాలి, అంతే" అంటారు. "నేర్పేవాళ్లకు నేర్పే" కోర్సులు పుట్టింది ఇందుకే. వాటిలో సీనియర్లు చేత్తో చేసేదాన్ని మాటల్లోకి విడదీసి చెప్పడం నేర్చుకుంటారు. అయస్కాంత తీగచుట్టలతో గొట్టం ఆకారాన్ని ఎక్స్‌రే లేకుండానే తెర మీద చూపే సాధనం కూడా ఇక్కడ బాగా ఉపయోగపడింది. ఉచ్చు ఎక్కడ పడిందో ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తుంది, వాదన ఉండదు.

సిమ్యులేటర్ల మీద సాధన మొదటి మెట్టు ఎక్కడానికి పనికొస్తుంది. గొట్టం కొసను వంచే, పిడి మీది చక్రాలు తిప్పడం, దిశ పట్టుకోవడం పేషెంటును ఇబ్బంది పెట్టకుండా అలవాటవుతాయి. ఆ తర్వాత అసలు పేగు నేర్పేదాన్ని యంత్రం నేర్పలేదు. ఎన్ని చేస్తే చెయ్యి తిరుగుతుంది? మేయో క్లినిక్‌లో శిక్షణలో ఉన్నవాళ్లను గమనించి వేసిన అంచనా సగటున 275 కొలనోస్కోపీలు. సగటు అంటే కొందరికి అంతకన్నా చాలా ఎక్కువ కావాలనే. అందుకే అంకె పూర్తయిందని సర్టిఫికెట్ ఇవ్వకుండా, చేసే తీరు చూసి ఇవ్వడం వైపు శిక్షణ మళ్లుతోంది. నేర్చుకునేవాళ్లకు మొన్నమొన్నటిదాకా ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి: ఎడమ బొటనవేలు, మణికట్టు, మెడ, నడుము. రోజంతా చక్రాలు తిప్పే ఈ వృత్తిలో వీటి నొప్పులు చాలా సాధారణం. తెర కంటి ఎత్తుకు కాస్త కింద ఉండటం, మంచం మోచేతి ఎత్తులో ఉండటం ఇప్పుడు పాఠంలో భాగం.

మంచం మీద పడుకున్న మనిషి

ఇక పేషెంటు వైపు. పరీక్ష బాగా జరగడంలో సగం బాధ్యత ముందురోజు తాగే విరేచనాల మందుది. మందంతా ముందు సాయంత్రమే తాగేస్తే, తెల్లారేసరికి చిన్నపేగు నుంచి జారిన పసర పెద్దపేగు కుడివైపు గోడకు మళ్లీ అంటుకుంటుంది. చదునైన, కనిపెట్టడం కష్టమైన పాలిప్స్ ఎక్కువగా ఉండేది ఆ వైపే. అందుకే సగం మందు ముందు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందుకల్లా ముగించమంటారు. తెల్లవారుజామున మూడింటికి లేచి తాగడం చికాకే. కానీ వెతకడానికి వెళ్లేది కనిపించాలంటే ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. ముందురోజంతా కేవలం ద్రవాలే తాగాలన్న పాత కఠిన నియమం కూడా చాలామందికి సడలింది. పీచు తక్కువున్న తేలికపాటి తిండి తినవచ్చు.

పేగును ఉబ్బించడానికి మామూలు గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడటం ఇంకో మార్పు. అది పేగు గోడ గుండా చకచకా రక్తంలోకి ఇంకి ఊపిరితో బయటికి పోతుంది. పరీక్షయ్యాక పొట్ట ఉబ్బి, మెలితిప్పే నొప్పితో మూలగాల్సిన పని తగ్గుతుంది. కొందరు డాక్టర్లు గొట్టం లోపలికి తోసేటప్పుడు గాలి అసలు కొట్టకుండా నీళ్లు నింపుకుంటూ వెళ్తారు. మత్తు తక్కువగా ఇచ్చే చోట ఇది బాగా పనికొస్తుంది.

నొప్పి విషయంలో నాకు ఎప్పటికీ మరపురానిది 2003లో వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మైర్, మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్‌లు మరొకరితో కలిసి ప్రచురించిన ప్రయోగం. కొలనోస్కోపీకి వచ్చిన 682 మందిలో సగం మందికి, పరీక్ష అయిపోయాక గొట్టం కొసను కాసేపు కదపకుండా మలాశయంలోనే ఉంచారు. వాళ్లు మొత్తంగా ఎక్కువసేపే ఇబ్బంది పడ్డారు, కాకపోతే ఆ చివరి కాసేపు నొప్పి తక్కువ. అయినా తర్వాత అడిగితే, అంత బాధగా ఏమీ లేదన్నది వాళ్లే. చివరి క్షణాలు ఎలా గడిచాయన్నదే జ్ఞాపకంలో బలంగా నిలుస్తుందన్నమాట. మళ్లీ పరీక్షకు తిరిగొచ్చినవాళ్లు కూడా ఆ సగంలోనే కొంచెం ఎక్కువ. మనిషిని తొందరగా వదిలేయడమే దయ అనుకునే మన ఆలోచనను ఈ ఫలితం తలకిందులు చేస్తుంది.

మత్తులో ప్రొపోఫోల్ రాకతో లోతైన నిద్ర, త్వరగా తేరుకోవడం రెండూ సాధ్యమయ్యాయి. దానితోపాటు శ్వాసను కనిపెట్టి చూసే మనిషి వేరుగా ఉండాల్సిన అవసరం కూడా వచ్చింది. ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మానిటర్, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ కన్నా ముందే ఊపిరి మందగించడాన్ని పసిగడుతుంది. ఈమధ్య కలిసిన కొత్త ప్రశ్న: బరువు తగ్గడానికో షుగర్‌కో సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నారా? ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. రాత్రంతా ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలాగని మందు మీకు మీరే మానేయకండి. కొందరికి ముందురోజు ద్రవాహారం పెట్టి మందు కొనసాగించమంటారు, కొందరికి ఆపమంటారు. రక్తం పలచబడే మందుల విషయం కూడా అంతే. ఏది ఆపాలో, ఎన్నాళ్ల ముందు ఆపాలో రాసిచ్చిన డాక్టరూ ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.

శుభ్రత విషయంలో పెద్ద గుణపాఠం ఈఆర్‌సీపీ గొట్టం నుంచి వచ్చింది. దాని కొసన, లోపలికి పంపే తీగలను పైకి లేపే చిన్న మీట ఉంటుంది. దాని వెనక సందుల్లో, నియమం ప్రకారం కడిగినా, మొండి బ్యాక్టీరియా మిగిలిపోయి ఒకరి నుంచి ఇంకొకరికి చేరింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇన్‌ఫెక్షన్లు కొన్ని ఆసుపత్రుల్లో బయటపడ్డాక 2015లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. 2019 చివర్లో ఒక్కసారి వాడి పారేసే డుయోడినోస్కోప్‌కు, అంటే ఈఆర్‌సీపీ గొట్టానికి, అనుమతి వచ్చింది. కొసన ఊడదీసి మార్చుకునే మూతలున్న గొట్టాలూ వచ్చాయి. అన్నిటినీ వాడి పారేసేవిగా మార్చితే చెత్త కుప్పలు పెరుగుతాయి కాబట్టి, మార్చగల మూతే మధ్యేమార్గం అనిపిస్తోంది.

గొట్టం అందని చిన్నపేగు మధ్యభాగానికి 2000లో మింగే క్యాప్సూల్ కెమెరా వచ్చింది. పొడవు 26 మిల్లీమీటర్లు, మందం 11. చూస్తుంది గానీ ముక్క తీయలేదు, వైద్యం చేయలేదు. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అక్కడే ఇరుక్కోవచ్చు. ఆ పనులకు హిరోనోరి యమమోటో 2001లో చూపిన రెండు బెలూన్ల ఎండోస్కోపీ ఉంది.

పరీక్ష అయ్యాక చేతికొచ్చే రిపోర్టులో "నార్మల్" అన్న మాట కన్నా ముందు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. పెద్దపేగు మొదటిదాకా చేరినట్టు ఫొటో ఉందా, అపెండిక్స్ రంధ్రం అందులో కనిపిస్తోందా చూడండి. వెనక్కి తీసిన సమయం రాశారా లేదా చూడండి. బోస్టన్ స్కోర్ అని ఒకటి ఉంటుంది. పేగును మూడు భాగాలు చేసి ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు శుభ్రతకు మార్కులు వేస్తారు, మొత్తం తొమ్మిది. ఏ భాగానికైనా రెండుకన్నా తక్కువ వస్తే అక్కడ సరిగ్గా కనిపించలేదని అర్థం. అప్పుడు పదేళ్ల తర్వాత రమ్మని కాకుండా, ఏడాదిలోపే మళ్లీ చేయించుకోమని చెప్పాలి. అలా చెప్పకపోతే ఎందుకని అడగండి. మీ అడినోమా గుర్తింపు రేటు ఎంత అని డాక్టరును అడగడం కూడా మొరటుతనం కాదు. లెక్క పెట్టుకునే డాక్టరు దానికి ఒక అంకె చెప్తారు.